ఫ్లాగ్ దేనికి పడుతుంది, దేనికి పడదు? ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రమాదకరమైన దెబ్బల రూల్స్ గురించి

కొత్తప్రేక్షకుడు:

అందరికీ నమస్తే. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చూస్తున్నాను; డౌన్లు, యార్డులు, స్కోరింగ్ వరకు బాగానే అర్థమైంది. దెబ్బల దగ్గరే, దేనికి ఫ్లాగ్ (ఫౌల్ అని రెఫరీలు విసిరే పసుపు గుడ్డ) పడుతుందో లెక్క కుదరడం లేదు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

2023 జనవరి 2, సిన్సినాటి. బెంగాల్స్ జట్టు రిసీవర్ (పాస్ అందుకునేవాడు) టీ హిగిన్స్‌ని బిల్స్ జట్టు సేఫ్టీ (డిఫెన్స్‌లో వెనక కాచేవాడు) డామర్ హామ్లిన్ టాకిల్ చేశాడు, అంటే పట్టి పడగొట్టాడు. హామ్లిన్ లేచి నిలబడ్డాడు, మరుక్షణం వెనక్కి కూలిపోయాడు. గుండె ఆగింది, మైదానంలోనే సీపీఆర్ చేశారు, మ్యాచే రద్దయింది. ఫ్లాగ్ లేదు.

2024 సెప్టెంబర్ 12, మయామి. డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) టువా టాగోవైలోవా బంతితో పరిగెత్తి అదే హామ్లిన్‌ని ఢీకొన్నాడు. కంకషన్. అంటే కుదుపుకి మెదడు దెబ్బతినడం. చేతులు బిగుసుకుపోయి పడి ఉన్నాడు. దానికీ ఫ్లాగ్ లేదు.

2024 డిసెంబర్ 1, జాక్సన్‌విల్. జాగ్వార్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ స్లైడ్ అవుతుంటే టెక్సన్స్ డిఫెన్స్‌లోని లైన్‌బ్యాకర్ అజీజ్ అల్-షాయిర్ ముంజేత్తో తలకి కొట్టాడు. 15 యార్డుల పెనాల్టీ, ఆట నుంచి బయటికి, ఆపైన మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్.

ప్రాణం మీదికి వచ్చిన దానికి ఏమీ లేదు, ఇంకోదానికి ఇంత శిక్ష. రెఫరీలు అసలు దేన్ని చూస్తారు? కాలేజీ మ్యాచ్‌ల్లో "టార్గెటింగ్" అంటూ ఆటగాణ్ని బయటికి పంపేస్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ మాటే వినపడదు. అదెందుకు?

పసుపుజెండా:

మంచి ఉదాహరణలు తెచ్చారండీ, మూడింటికీ జవాబు ఒకటే. రూల్ పుస్తకానికి గాయంతో పని లేదు. దెబ్బ తిన్నవాడు ఆ క్షణంలో ఏ స్థితిలో ఉన్నాడు, దెబ్బ ఒంట్లో ఎక్కడ పడింది, కొట్టినవాడు దేన్ని ముందుపెట్టి వచ్చాడు, ఈ మూడే చూస్తుంది. ఎంత గట్టిగా తగిలిందన్నది లెక్కలోకే రాదు. స్టేడియమంతా ఉలిక్కిపడే దెబ్బ కూడా భుజంతో ఛాతీకి తగిలితే, తగిలించుకున్నవాడు మామూలు రన్నర్ (బంతితో పరిగెత్తేవాడు) అయితే, పూర్తిగా న్యాయమైన ఆటే.

ముందు స్థితి సంగతి. రూల్ 12, సెక్షన్ 2లో "డిఫెన్స్‌లెస్ ప్లేయర్" అని ఒక జాబితా ఉంది. తనని తాను కాపాడుకునే వీలు లేని ఆటగాళ్లు వీళ్లు: బంతి విసురుతున్న లేదా అప్పుడే విసిరిన క్వార్టర్‌బ్యాక్, పాస్ పట్టుకుని ఇంకా రన్నర్‌గా మారని రిసీవర్, గాల్లో ఉన్న కిక్‌ని అందుకోబోతున్న రిటర్నర్, ఎవరో పట్టేసుకుని ముందుకు కదలకుండా ఆపేసిన రన్నర్, నేలమీద పడి ఉన్నవాడు, కిక్ కొట్టిన కిక్కర్, చూడని వైపు నుంచి బ్లాక్ (దారికి అడ్డు తొలగించడానికి కొట్టే దెబ్బ) తినేవాడు. ఇంకా కొందరున్నారు. వీళ్ల తలకి, మెడకి హెల్మెట్, ఫేస్‌మాస్క్, ముంజేయి, భుజం వేటితో బలంగా తగిలినా 15 యార్డులు. మొదట ఛాతీకి తగిలి పైకి జారి తలకి తగిలినా అంతే. చేతులు చుట్టి పద్ధతిగా పట్టుకున్నానన్న సాకు పనికిరాదు. అవతలివాడు చివరి క్షణంలో తల దించుకున్నాడు, అందుకే తగిలింది అన్నా ఒప్పుకోరు. బాధ్యత మొత్తం కొట్టినవాడిదేనని రూల్‌లోనే రాసి ఉంది. టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఎక్కువగా గొడవపడేది ఈ వాక్యం దగ్గరే. అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ ఆ వాక్యం తీసేస్తే ప్రతి దెబ్బకీ అదే వాదన చెబుతారు.

రిసీవర్ ఎప్పుడు రన్నర్ అవుతాడు అంటే, బంతి చేతిలో కుదిరి, రెండు కాళ్లూ నేలమీద పడి, ఎదురొచ్చే దెబ్బని తప్పించుకునేంతో కాచుకునేంతో వ్యవధి దొరికాక. స్లో మోషన్‌లో అరసెకను కూడా బోలెడు టైముగా కనిపిస్తుంది. మామూలు వేగంలో చూసి అప్పుడు తిట్టండి.

ఇప్పుడు మీ మూడూ. హిగిన్స్ బంతి పట్టి ముందుకు దూసుకొస్తున్న రన్నర్, హామ్లిన్ ఎదురెళ్లి పట్టుకున్నాడు. ఎవరూ ఎవరి తలకీ గురిపెట్టలేదు. ఫౌల్ కాదు. టువా స్లైడ్ అవ్వకుండా ఫస్ట్ డౌన్ కోసం తనే తల వంచి దూరాడు. పాకెట్ (పాస్ విసిరేటప్పుడు తనవాళ్లు చుట్టూ కాచే చోటు) వదిలి బంతితో పరిగెడుతున్న క్వార్టర్‌బ్యాక్ కూడా రన్నరే, అతనికి ప్రత్యేక రక్షణ లేదు. నిజానికి 2018లో వచ్చిన రూల్ ప్రకారం తల వంచి హెల్మెట్‌తో ఢీకొట్టడం బంతి పట్టుకున్నవాడికీ ఫౌలే. కాకపోతే రన్నర్ల మీద ఆ ఫ్లాగ్ పడటం చాలా అరుదు. లారెన్స్ విషయం వేరు. కాళ్లు ముందుకు చాపి స్లైడ్ మొదలెట్టాడంటే ఆట అక్కడితో ఆగినట్టే; డిఫెండర్ వెనక్కి తగ్గాలి. అప్పటికే ఆపుకోలేని వేగంలో ఉంటే మామూలు తాకిడిని క్షమిస్తారు. తలకీ మెడకీ హెల్మెట్‌తో, భుజంతో, ముంజేత్తో కొడితే మాత్రం క్షమాపణ లేదు. అల్-షాయిర్ ముంజేయి సరిగ్గా అక్కడే తగిలింది.

టార్గెటింగ్ గురించి. కాలేజీ ఆటని నడిపే ఎన్‌సీఏఏ ఆ ఫౌల్‌ని 2008లో పెట్టింది, 2013 నుంచి దానికి తప్పనిసరి బహిష్కరణ జోడించింది. అందులో రెండు రకాలు. హెల్మెట్ నడినెత్తితో ఎవరిని బలంగా కొట్టినా ఫౌల్. నడినెత్తి అంటే హెల్మెట్ శిఖరం చుట్టూ 6 అంగుళాల వ్యాసార్థంలో ఉన్న భాగమని కొలత కూడా ఇచ్చారు. రెండోది, డిఫెన్స్‌లెస్ ఆటగాడి తలకో మెడకో దేనితో కొట్టినా. రెండింటికీ ఒక "గుర్తు" కనపడాలి: నేల వదిలి పైకి ఎగరడం, కిందికి వంగి పైకి తన్నుకు రావడం, తలనో భుజాన్నో ముంజేతినో ఆయుధంలా ముందుపెట్టడం, కొట్టేముందు తల వంచడం. మైదానంలో అనుమానం ఉంటే ఫౌల్ ఇవ్వమంటారు. రీప్లేలో మాత్రం 2019 నుంచి ఒక్కో అంశం రుజువు కావాలి, ఏ ఒక్కటి తేలకపోయినా టార్గెటింగ్ కొట్టేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇవే తప్పులకి వేరే పేర్లు: డిఫెన్స్‌లెస్ ప్లేయర్ మీద దెబ్బ, హెల్మెట్ వాడకం, అన్‌నెసెసరీ రఫ్‌నెస్ (అనవసరమైన మొరటుతనం). బయటికి పంపాలా వద్దా అన్నది రెఫరీల విచక్షణ.

నాలుగోడౌన్:

పైన చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫ్లాగ్ వేరు, జరిమానా వేరు. మైదానంలో ఎవరూ చూడని దెబ్బకి కూడా వారం మధ్యలో లీగ్ ఆఫీస్ వీడియో చూసి జీతంలోంచి కోస్తుంది, హెల్మెట్ వాడకానికి మొదటిసారే 20 వేల డాలర్ల పైమాట. అలాగే ఫ్లాగ్ పడిన దెబ్బకి జరిమానా పడకపోవచ్చు. అప్పీళ్లు వినేది లీగూ ఆటగాళ్ల సంఘమూ కలిసి నియమించిన మాజీ ఆటగాళ్లు. పదేపదే చేసేవాళ్లకి సస్పెన్షన్ పెరుగుతూ పోతుంది: 2019లో వోంటేజ్ బర్ఫిక్ట్‌ని ఒక హెల్మెట్ దెబ్బకి మిగిలిన సీజన్ మొత్తం, అంటే 12 మ్యాచ్‌లు, కూర్చోబెట్టారు. ఆ ఒక్క దెబ్బకే కాదు, అతని పాత చిట్టా అంతా కలిపి.

ఇంకోటి. ఈ రూల్స్ ఎవరో టేబుల్ దగ్గర కూర్చుని ఆలోచించి రాసినవి కావు. దాదాపు ప్రతిదాని వెనకా ఒక పడిపోయిన ఆటగాడు ఉన్నాడు. డల్లాస్ సేఫ్టీ రాయ్ విలియమ్స్ వెనకనుంచి మెడపట్టీలో చెయ్యి దూర్చి లాగి 2004లో కొందరి కాళ్లు విరగడానికి కారణమయ్యాడు, 2005లో హార్స్-కాలర్ టాకిల్ నిషేధం. 2008లో బెర్నార్డ్ పొలార్డ్ నేలమీద పడి ఉండి క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ మోకాలి మీదికి ఎగబడ్డాడు, 2009లో పడిపోయిన డిఫెండర్ లేవకుండా క్వార్టర్‌బ్యాక్ కాళ్ల మీదికి దూకకూడదన్నారు. అదే 2008లో చూడని వైపు నుంచి హైన్స్ వార్డ్ కొట్టిన బ్లాక్‌కి కీత్ రివర్స్ దవడ విరిగింది, మరుసటి ఏడాదే ఆ రకం బ్లాక్‌లో తలకి కొట్టడం ఆపేశారు. 2019లో బ్లైండ్‌సైడ్ బ్లాక్‌నే మొత్తంగా తీసేశారు. 2017 అక్టోబర్‌లో ఆంథనీ బార్ మీదపడి క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ కాలర్‌బోన్ విరిగింది, 2018లో క్వార్టర్‌బ్యాక్ మీద ఒంటి బరువంతా వేసి పడకూడదని గట్టిగా అమలు మొదలెట్టారు. ఆ సెప్టెంబర్‌లో క్లే మాథ్యూస్ మీద పడిన ఫ్లాగులు చూసి జనం నెత్తీ నోరూ కొట్టుకున్నారు.

అన్నిటికంటే చేదుది 1978 ఆగస్టు 12. ఓక్లాండ్‌లో ప్రీసీజన్ మ్యాచ్, లెక్కలోకి రాని ఆట. పేట్రియట్స్ రిసీవర్ డారిల్ స్టింగ్లీ అందని పాస్ కోసం చాచి ఎగిరాడు, రైడర్స్ సేఫ్టీ జాక్ టేటమ్ ఎదురొచ్చి కొట్టాడు. స్టింగ్లీకి మెడ కింద అంతా చచ్చుబడిపోయింది. ఫ్లాగ్ పడలేదు, ఎందుకంటే అప్పటికి అది ఫౌల్ కాదు. ఈ రోజైతే మొదటి సెకనులోనే రెండు ఫ్లాగులు నేలమీద ఉండేవి.

కొత్తగా వచ్చింది హిప్-డ్రాప్ టాకిల్ (పట్టుకుని పిర్రల బరువుతో రన్నర్ కాళ్ల మీదికి జారిపడటం) మీద నిషేధం, 2024 మార్చిలో. నాకు దీని మీద నమ్మకం లేదు. పక్కనుంచో వెనకనుంచో వెంటపడుతున్నవాడు ఇంకెలా పట్టుకోవాలి? ఆటగాళ్ల సంఘం కూడా వ్యతిరేకించింది.

భుజంపట్టు:

నాలుగోడౌన్ గారూ, ఇక్కడ మీతో ఏకీభవించను. వెనకనుంచి పట్టుకోవడాన్ని ఎవరూ ఆపలేదు. రూల్‌లో మూడు పనులున్నాయి, మూడూ ఒకే టాకిల్‌లో జరిగితేనే ఫౌల్. ఒకటి, రెండు చేతులతో పట్టుకోవడం లేదా చుట్టేయడం. రెండు, నడుము మెలితిప్పి తన కాళ్ల మీది బరువు వదిలేసి పిర్రల్ని కిందికి జారవిడవడం. మూడు, రన్నర్ కాలి మీద, మోకాలి దగ్గరో దాని కిందో, పడి ఇరికించేయడం. మొదటి రెండూ జరిగి నేలమీద పక్కకి పడితే ఏమీ లేదు. లాగి పక్కకి దొర్లించవచ్చు, షూలేస్ దగ్గర పట్టి పడగొట్టవచ్చు, తొడలు చుట్టి జారవచ్చు.

దాన్ని ఎందుకు ఆపాలో శరీరం చెబుతుంది. పరిగెత్తేవాడి పాదం నేలలో నాటుకుని ఉంటుంది, బూటు కింద క్లీట్లు గడ్డిని పట్టేసుకుంటాయి. ఆ క్షణంలో 100 కిలోల పైబడిన మనిషి వెనక మడమ మీదికి జారిపడితే పాదం కదలదు, కాలు మెలితిరుగుతుంది. చీలమండ లిగమెంట్లైనా, పిక్కలోని సన్న ఎముకైనా, ఏదో ఒకటి పోతుంది. 2023 నవంబర్‌లో రేవెన్స్ టైట్ ఎండ్ మార్క్ ఆండ్రూస్‌కి జరిగింది ఇదే. లీగ్ లెక్కలో ఈ టాకిల్‌తో గాయపడే రేటు మామూలు టాకిల్‌కి 20 రెట్ల పైన.

నాలుగోడౌన్:

ఆ మూడూ నిజవేగంలో ఒక్క రెఫరీకి కనపడతాయా? నా అభ్యంతరం అదే. అమలు అంతా వారం మధ్యలో వచ్చే జరిమానా ఉత్తరాలతోనే సాగుతోంది.

భుజంపట్టు:

ఒప్పుకుంటా. మైదానంలో పట్టుకోవడం కష్టమే. ఆ ఉత్తరం అందుకున్న ఆటగాడు సోమవారం కోచ్‌తో కూర్చుని వీడియో చూస్తాడు. అలవాటు మారేది అక్కడ.

టేప్‌పెట్టె:

గాయాల వైపు నుంచి కొంచెం చెబుతాను. తల వంచి కొట్టడాన్ని ఇంత గట్టిగా పట్టుకునేది దెబ్బ తినేవాడి కోసమే అనుకుంటారు చాలామంది. కొట్టినవాడికే ముందు ముప్పు.

మెడ ఎముకల వరుస మామూలుగా ముందుకి కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. తల ఎత్తి ఉన్నప్పుడు దెబ్బ తగిలితే ఆ వంపూ కండరాలూ కలిసి బలాన్ని పంచుకుంటాయి. గడ్డాన్ని ఛాతీ వైపు సుమారు 30 డిగ్రీలు వంచితే ఆ వంపు పోయి ఏడు వెన్నుపూసలూ నిట్టనిలువు స్తంభంలా ఒకే గీత మీదికి వస్తాయి. అప్పుడు నడినెత్తి ఎదుటివాడికి తగిలి తల ఆగిపోతుంది, మొండెం మాత్రం అదే వేగంతో ముందుకు వస్తూనే ఉంటుంది. ఆ రెండింటి మధ్యా మెడ నలుగుతుంది. వంగడానికి చోటు లేక మధ్యలో ఎక్కడో వెన్నుపూస చితికి, పక్కకి తొలిగి, వెన్నుపామును నొక్కుతుంది. హెల్మెట్ ఎంత ఖరీదైనదైనా ఇక్కడ చేసేదేమీ లేదు, ఎందుకంటే అది కాపాడేది పుర్రెని, మెడని కాదు.

దీన్ని తేల్చినవాడు ఫిలడెల్ఫియాకి చెందిన డాక్టర్ జోసెఫ్ టార్గ్. 1975లో మొదలుపెట్టిన తల-మెడ గాయాల రిజిస్ట్రీలో కేసులు పోగేసి, వీడియోలు చూసి, కారణం ఈ నిలువు ఒత్తిడేనని చూపించాడు. అంతకు ముందు హెల్మెట్ వెనక అంచు మెడకి తగిలి విరుగుతుందని అనుకునేవాళ్లు. 1976లో కాలేజీ, హైస్కూల్ ఆటల్లో స్పియరింగ్ (తల వంచి నడినెత్తితో పొడవడం) నిషేధించారు. ఆ సీజన్‌లో కాళ్లూచేతులూ చచ్చుబడిన కేసులు 34. మరుసటి సీజన్‌లో 18. 1984కి 5. అదే హెల్మెట్లు, అవే ఒళ్లు. మారింది తల పెట్టే తీరు. తల వంచి హెల్మెట్‌తో కొట్టిన ప్రతి దెబ్బనీ ఫౌల్ చేయడానికి ఎన్‌ఎఫ్‌ఎల్ మాత్రం 2018 దాకా ఆగింది. 2017 డిసెంబర్ 4న స్టీలర్స్ లైన్‌బ్యాకర్ రయన్ షేజియర్ తల దించి టాకిల్ చేసి వెన్నుకి దెబ్బ తగిలి కాళ్లు కదపలేక పడిపోయాక గానీ కదల్లేదు.

కంకషన్ దారి వేరు. పుర్రె లోపల మెదడు ఒక్కసారిగా ఊగి మెలితిరగడం వల్ల వస్తుంది, తలకి నేరుగా తగలకపోయినా, నేలకి తల కొట్టుకున్నా చాలు. హెల్మెట్ గట్టి చిప్ప పుర్రె పగలకుండా ఆపుతుంది, మెదడు తిరగడాన్ని పూర్తిగా ఆపలేదు. టువా చేతులు అలా బిగుసుకోవడాన్ని ఫెన్సింగ్ పోశ్చర్ అంటారు. మెదడు కాండానికి కుదుపు తగిలిందనడానికి గుర్తు. అది కనపడితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, పరీక్ష ఫలితం ఎలా ఉన్నా. స్పృహ తప్పడం, అయోమయం, మతిమరుపు కూడా అదే కోవ. నడకలో తూలడాన్ని 2022 అక్టోబర్‌లో ఆ జాబితాలో విడిగా చేర్చారు. దానికి కారణమూ టువానే. ఆ సెప్టెంబర్ 25న బఫెలోతో మ్యాచ్‌లో లేచి తూలి మళ్లీ ఆడాడు, నాలుగు రోజులకే సిన్సినాటిలో స్ట్రెచర్ మీద వెళ్లాడు. అంతకు ముందు 2011 డిసెంబర్‌లో జేమ్స్ హారిసన్ దెబ్బ తిన్న కోల్ట్ మెకాయ్‌ని పరీక్ష లేకుండా వెంటనే మళ్లీ దింపినందుకే పైన బూత్‌లో కూర్చుని వీడియో చూసే అథ్లెటిక్ ట్రైనర్లని పెట్టారు. 2015 నుంచి వాళ్లకి ఆట ఆపే అధికారం కూడా ఉంది.

లీగ్ లెక్కల్లో కంకషన్లు 2017లో 281. 2024లో 182, లెక్క మొదలెట్టిన 2015 నుంచి అప్పటివరకు అన్నిటికంటే తక్కువ. అందులో కొంత రూల్స్ వల్ల, కొంత హెల్మెట్ల వల్ల, కొంత ప్రాక్టీసులో ఢీకొట్టడం తగ్గించడం వల్ల. ఆటగాళ్ల సంఘంతో చేసుకున్న 2011 ఒప్పందంలో రెగ్యులర్ సీజన్ మొత్తానికి ప్యాడ్లు కట్టుకుని చేసే ప్రాక్టీసులు 14కి కుదించారు. దాని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నా దృష్టిలో అది ఏ ఫ్లాగ్‌కీ తీసిపోదు.

హామ్లిన్‌ది ఈ రెండూ కాదు. కొమోషియో కార్డిస్. గుండె రెండు కొట్టుకోవడాల మధ్య మళ్లీ సిద్ధమయ్యే కొద్ది మిల్లీసెకన్ల వ్యవధిలో సరిగ్గా గుండె మీద ఛాతీకి దెబ్బ తగిలితే లయ చెదిరిపోతుంది. ఎముకలేవీ విరగనక్కర్లేదు. బేస్‌బాల్ ఆడే పిల్లల్లో బంతి తగిలి ఎక్కువగా చూస్తారు. దీన్ని ఏ రూలూ ఆపలేదు. నిమిషాల్లో సీపీఆర్, ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే పెట్టె) దొరకడమే దిక్కు. షాక్ ఇవ్వడం ఒక్కో నిమిషం ఆలస్యమైతే బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది.

కొత్తప్రేక్షకుడు:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్ అండీ. ఇంకో ప్రశ్న. టెక్సస్‌లో మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతిలో స్కూల్ టీమ్‌లో చేరుతున్నాడు, డిఫెన్స్ ఆడిస్తారట. స్కూల్ స్థాయిలో ఏ రూల్స్ వర్తిస్తాయి? అన్నయ్యా వదినా ఏమేం చూసుకోవాలి? టాకిల్ చెయ్యడం సురక్షితంగా ఎలా నేర్పిస్తారు?

భుజంపట్టు:

టెక్సస్ ఈ విషయంలో వేరు. దాదాపు దేశమంతా హైస్కూళ్లు ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (హైస్కూల్ క్రీడల జాతీయ సమాఖ్య) రూల్స్‌తో ఆడితే టెక్సస్ ప్రభుత్వ స్కూళ్లు, అంటే వాటి పోటీలు నడిపే యూఐఎల్ కింద ఉన్నవి, కొద్ది మార్పులతో ఎన్‌సీఏఏ రూల్స్‌తో ఆడతాయి. అంటే పైన చెప్పిన టార్గెటింగ్, బహిష్కరణ మీ పిల్లాడికీ ఉన్నట్టే, మామూలు మ్యాచ్‌ల్లో రీప్లే మాత్రం దొరకదు. సీజన్‌లో ఒక్కో ఆటగాడికి ఫుల్ కాంటాక్ట్ ప్రాక్టీస్ వారానికి 90 నిమిషాలు మించకూడదు, 2013 నుంచి. కోచ్‌ని మొదటి మీటింగ్‌లోనే అడగండి: ఆ 90 నిమిషాలు ఎలా లెక్కపెడతారు, ఎవరు రాసుకుంటారు అని. తడుముకోకుండా జవాబు చెబితే మంచి గుర్తు.

టాకిల్ ఇప్పుడు భుజంతో నేర్పుతున్నారు, రగ్బీ పద్ధతిలో. సియాటిల్ సీహాక్స్‌లో పీట్ కారల్ 2014లో వీడియో విడుదల చేశాక స్కూళ్లలోకీ బాగా పాకింది. కబడ్డీలో రైడర్ తొడ పట్టు చూసినవాళ్లకి ఇది తొందరగా ఎక్కుతుంది, తేడా అల్లా ఇక్కడ పరుగు ఆపకుండా పట్టాలి.

రన్నర్‌కి ఎదురుగా వెళ్లకూడదు, అతని దగ్గరి పక్క తుంటి మీద కన్ను పెట్టి కొంచెం పక్కనుంచి దగ్గరవ్వాలి. బంతి మీదో తల మీదో కన్ను పెడితే మోసపోతారు. తల అటూ ఇటూ ఊపగలడు, తుంటిని ఊపలేడు. చివరి రెండు గజాల్లో అడుగులు చిన్నవి చేసి మోకాళ్లు వంచి కిందికి దిగాలి. నడుము వంచి దిగితే తల దానంతట అదే కిందికి పోతుంది. పిల్లలు చేసే తప్పుల్లో సగం ఇదొక్కటే. రన్నర్ వైపున్న కాలు అతని దగ్గరగా నాటి, అదే వైపు భుజాన్ని తొడల మీద తగిలించాలి. తల అతని ఒంటికి బయట, వెనకవైపు ఉండాలి. తలని రన్నర్ ముందు అడ్డంగా పెట్టమని పాతకాలపు కోచ్‌లు చెప్పేవాళ్లు. మోకాలు నేరుగా తలకి తగిలేది దానివల్లే. చేతులు రెండు కాళ్ల చుట్టూ మూసి, బిగించి, ఆగకుండా ఐదు అడుగులు తోసుకుంటూ పోవాలి. ఎదుటివాడు బరువైతే తోయకుండా కాళ్లు బిగించి పట్టుకుని పక్కకి దొర్లిపోవాలి.

మొదటి రెండు వారాలు ప్యాడ్లు లేకుండా, మోకాళ్ల మీద నిలబడి మెత్తటి టాకిల్ రింగ్‌తోనో బ్యాగ్‌తోనో చేయిస్తే చాలు. అలసిపోయాక టాకిల్ డ్రిల్ పెట్టే కోచ్ దగ్గర జాగ్రత్త. కాళ్లు అలిస్తే మోకాళ్లు వంగవు, నడుము వంగుతుంది, తల దిగుతుంది.

టేప్‌పెట్టె:

తల్లిదండ్రులు చూసుకోవాల్సినవి నేను చెబుతా. మొదట హెల్మెట్. కనుబొమ్మల పైన ఒక అంగుళం దగ్గర టేపుతో చుట్టుకొలత తీసి సైజు ఎంచుతారు. జుట్టు తడిపి పెట్టి చూడండి, ఆటలో చెమటకి తల అలాగే ఉంటుంది కాబట్టి. ముందు ప్యాడ్ అంచు కనుబొమ్మలకి అంగుళం పైన ఆగాలి, చెవి సరిగ్గా హెల్మెట్‌కున్న చెవి రంధ్రం మధ్యలోకి రావాలి, దవడ ప్యాడ్లు బుగ్గల్ని తాకాలి. గడ్డం పట్టీ నాలుగు బొత్తాలూ పెట్టాక ఫేస్‌మాస్క్ పట్టుకుని అటూ ఇటూ తిప్పండి: నుదుటి చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి. చర్మం ఆగిపోయి హెల్మెట్ జారితే వదులు. గాలి నింపే ప్యాడ్లున్న రకమైతే వారానికోసారి చూసుకోవాలి, చలి పడగానే గాలి తగ్గుతుంది. జుట్టు కత్తిరించుకున్నాక కూడా.

స్కూల్ ఇచ్చే హెల్మెట్ లోపల తయారైన సంవత్సరమూ, చివరిసారి రీకండిషన్ చేసిన సంవత్సరమూ లేబుల్ మీద ఉంటాయి. పదేళ్లు దాటితే రీకండిషన్ చేసే సంఘంలోని కంపెనీలు తీసుకోవు. అలాంటిది ఇస్తే మార్చమనండి. రంగు వేయకండి, పెట్రోలు లాంటి ద్రావకాలతో తుడవకండి, పాలీకార్బొనేట్ చిప్ప పెళుసుబారుతుంది.

ఇక కంకషన్. టెక్సస్‌లో 2011 నాటి నటాషా చట్టం ఉంది. అనుమానం వచ్చిన వెంటనే పిల్లాణ్ని బయటికి తీయాలి. తిరిగి దింపే అధికారం కోచ్‌కి లేదు. డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకుని, స్కూల్ పెట్టుకున్న దశలన్నీ పూర్తయి, తల్లిదండ్రులు సంతకం చేశాకే మైదానం. మామూలుగా దశలు ఇలా సాగుతాయి: రోజువారీ పనులు, తేలికపాటి నడక లేదా సైకిల్, ఆటకి సంబంధించిన పరుగు, ఢీకొట్టడం లేని పూర్తి ప్రాక్టీస్, తర్వాత కాంటాక్ట్ ప్రాక్టీస్, చివర్న మ్యాచ్. ఒక్కో దశకి కనీసం 24 గంటలు. తలనొప్పో కళ్లు తిరగడమో తిరిగొస్తే ఆ రోజుకి ఆపేసి కింది దశకి వెళ్లాలి. కాబట్టి వారం లోపల తిరిగి ఆడించాలని ఎవరైనా తొందరపెడితే లెక్క ఎక్కడో తప్పినట్టే.

ఇవి కనిపిస్తే దశలు కాదు, వెంటనే 911కి (అక్కడి అత్యవసర నంబర్) ఫోన్: మళ్లీమళ్లీ వాంతులు, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దగా ఉండటం, ఫిట్స్, మాట తడబడటం, అంతకంతకీ పెరిగే తలనొప్పి, లేపితే లేవకపోవడం. మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్లు తిమ్మిరి అన్నా కదిలించొద్దు, హెల్మెట్ ఊడదీయొద్దు. అది శిక్షణ ఉన్నవాళ్లు కలిసి చేసే పని. తోటి పిల్లలు ప్రేమకొద్దీ చెయ్యి పట్టి లేపబోతారు, ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

మొదటి మ్యాచ్‌కి వెళ్లినప్పుడు ఏఈడీ ఎక్కడుందో కనుక్కోండి. ఆఫీస్ గదిలో తాళం వేసి ఉందంటే లేనట్టే లెక్క.

కొత్తప్రేక్షకుడు:

చాలా ఉపయోగం. చివరిగా ఒకటి: హెల్మెట్ మీద తొడిగే ఆ మెత్తటి టోపీలు, గార్డియన్ క్యాప్‌లు, కొనాలా?

టేప్‌పెట్టె:

ఎన్‌ఎఫ్‌ఎల్ 2022లో ప్రీసీజన్ ప్రాక్టీసులో లైన్‌మెన్, టైట్ ఎండ్, లైన్‌బ్యాకర్లకి తప్పనిసరి చేసింది, 2024 నుంచి మ్యాచ్‌ల్లో ఇష్టమైతే పెట్టుకోనిస్తోంది. ప్రాక్టీసులో పదేపదే తగిలే చిన్న దెబ్బల్ని కొంత మెత్తబరుస్తుంది. మెడకి ఏమీ చెయ్యదు, కంకషన్ రాదన్న హామీ లేదు. కొనేముందు కోచ్‌ని అడగండి, స్కూలే ఇస్తుండొచ్చు. హెల్మెట్ స్కూల్‌దైతే దానికి ఏది తగిలించాలన్నా వాళ్ల అనుమతి కావాలి. తొడిగాక నుదుటి చర్మం పరీక్ష మళ్లీ చెయ్యండి. హెల్మెట్ వదులుగా ఉంటే క్యాప్ ఆ వదులుని సరిచెయ్యదు.